బోర్లించిన ఇటుక

లాకప్పు గదిలో గుండు మేస్త్రి గోడకు వీపు ఆనించకుండా, గది నట్టనడుమ కూర్చున్నాడు.

"నడుం పట్టేస్తుంది. గోడకి ఆనుకో" అన్నాను.

"ఈ గోడ ఎవరు కట్టారో నాకు తెలుసు సారూ. దీన్ని నమ్మి ఆనుకునే ధైర్యం లేదు."

పోలీసు స్టేషన్ కట్టింది కూడా ఇళ్ళాయనే. ఆయన అసలు పేరు ఓటు కాగితం మీద తప్ప ఊళ్ళో ఎక్కడా వినపడదు. ఇళ్ళు కట్టి అమ్మాడు కాబట్టి ఇళ్ళాయన. ఆ ఇళ్ళు కొన్నవాళ్ళ ఓట్లతోనే మూడుసార్లు శాసనసభకు వెళ్ళాడు. ఆయన కట్టిన ఇంట్లో చెమ్మ దిగితే జనం అర్జీ పెట్టుకోవలసింది ఆయనకే. దాని మీద సంతకం పెట్టి తన కంపెనీకే పంపుతాడు. కంపెనీ దాన్ని చెత్తబుట్టకు పంపుతుంది.

టైము పదకొండూ ఇరవై. మూడు గంటలకు మేస్త్రి హత్య ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. పెడతానని నిన్ననే మాటిచ్చాడు. ఆ సంతకం ఆపడానికే నేను వచ్చాను.

పోయినవాడు పురపాలక కార్యాలయంలో కొత్త ఇళ్ళను తనిఖీ చేసే అధికారి. చేతిలో టేపు లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి కొలతలాయన అనేవాళ్ళు. పది రోజుల క్రితం, ఆదివారం, మాయమయ్యాడు. నిన్న పొద్దున ఇళ్ళాయన కాలనీలో, కొనేవాళ్ళకు చూపించడానికి కడుతున్న నమూనా ఇంట్లో, మెట్ల కింది గోడ పొట్ట ఉబ్బి కూలింది. వెనక కొలతలాయన ఉన్నాడు. తల వెనక పగిలి ఉంది. కాళ్ళ దగ్గర ఒక తాపీ. పిడి మీద గుండు మేస్త్రి కాల్చి వేసుకున్న గుర్తు. మధ్యాహ్నానికి మేస్త్రిని పట్టుకొచ్చారు. సాయంత్రానికి ఆయన కూతురు నా ఇంటి తలుపు తట్టింది.

"చంపావా?" అని మేస్త్రిని అడిగాను.

"లేదు."

"మరి సంతకం పెడతానని ఎందుకన్నావ్?"

మేస్త్రి చొక్కా జేబు తడుముకున్నాడు. దారానికి కట్టిన ఇత్తడి గుండు ఎప్పుడూ అందులో ఉంటుంది. గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసే గుండు. దాన్నీ లాక్కున్నారు.

"ఇన్‌స్పెక్టర్, మీ శిష్యుడు, మర్యాదస్తుడు సారూ. కొట్టలేదు, తిట్టలేదు. పిల్ల ఇంట్లో ఒక్కతే ఉంటుందా అని అడిగాడు. అంతే. ఇంకో మాట అనలేదు."



"పిల్ల మా ఇంట్లో ఉంది. తలుపు గడి వేసుకుని కూర్చోమన్నాను."

ఆయన మొదటిసారి తలెత్తాడు. "మీ ఇల్లు ఎవరు కట్టారు?"

"ఇళ్ళాయనే. పద్నాలుగో వరుస."

"అక్కడొద్దు సారూ."

"పోలీసులు నా గడప తొక్కరులే."

"నేననేది పోలీసుల గురించి కాదు" అని గొణిగాడు. మేస్త్రీలకు గోడల పిచ్చి ఉంటుందని ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

"ఆదివారం నిన్ను సైటు దగ్గర చూసినవాళ్ళున్నారు" అన్నాను.

"చూసే ఉంటారు. కొలతలాయన్ని రమ్మన్నది నేనేగా. తొమ్మిదీ ముప్పావుకి రండి, ఆ ఇళ్ళు లోపలెంత డొల్లో చూపిస్తానన్నా. పదిన్నర దాకా గేటు బయట నుంచున్నా. రాలేదు. మోకాలు నొప్పెట్టి ఇంటికెళ్ళిపోయా."

"తాపీ?"

"షెడ్డులో మేకుకి తగిలిస్తా. సోమవారం చూస్తే లేదు. వాచ్‌మన్‌ని అడిగా కూడా."

"గోడ కట్టింది నువ్వు కాదని ఎలా నమ్మమంటావ్?"

మేస్త్రి నవ్వాడు. ముందు పళ్ళు నాలుగే. "నేను కట్టుంటే మీకు శవం దొరికేదా సారూ? తొమ్మిది రోజులకే పొట్ట తీసిందంటే అదో గోడా? పదేళ్ళ నించి నన్ను గోడ కట్టనివ్వడం లేదు. పైపూత పని ఒక్కటే. ఎందుకో మీరే చూసుకోండి. కింది వరసలు ఇంకా నిలబడే ఉంటాయి. ఒక్క ఇటుక లేపి, అది వెల్లకిలా ఉందో బోర్లా ఉందో చూడండి."

"చూస్తాను. నేను వచ్చేదాకా సంతకం పెట్టకు."

"మూడు దాకా పెట్టను. మూడు దాటితే నా వల్ల కాదు. ఆ పిల్ల తప్ప నాకెవరున్నారు?"

ఇన్‌స్పెక్టర్ తన గదిలో నా కోసమే కాచుకుని ఉన్నాడు. నేను సర్వీసులో ఉన్నప్పుడు నా కింద స్టేషన్ రైటర్. అప్పుడు నేను చెప్పింది రాసేవాడు. ఇప్పుడు ఎవరు చెబితే అది రాస్తాడు. అతని కుర్చీ వెనక నిలువెత్తు పోస్టరు. ఇళ్ళాయన రెండు అరచేతులూ జనం వైపు చాపి నవ్వుతున్నాడు. వేళ్ళ సందుల్లో సిమెంటు చారలు. కింద పెద్ద అక్షరాలు: 'ఇవి పని చేసిన చేతులు'. ఊరంతా వారం రోజులుగా ఇదే పోస్టరు. చూసి చూసి కళ్ళు మొద్దుబారాయి.

"గురువుగారూ, రిటైరయ్యాక చేపలు పట్టుకుంటారనుకున్నా. ఇంకా మనుషుల్నే పడుతున్నారా?"

"నువ్వు మొదలుపెట్టలేదుగా. ఎవరో ఒకరు పట్టాలి."

"తాపీ మేస్త్రిది. రమ్మని కబురు పెట్టింది మేస్త్రి. పనివాళ్ళంతా ఇళ్ళాయన సభకి వెళితే ఈ ఒక్కడే వెళ్ళలేదు. ఇంకేం కావాలి, శవం లేచొచ్చి సాక్ష్యం చెప్పాలా?"

"ముసలాడి కూతురి గురించి ఎందుకడిగావ్?"

"కుశల ప్రశ్న."

"ఆ ప్రశ్న నీకు నేను నేర్పలేదు."

"మీరు నేర్పనివి చాలా నేర్చుకున్నా. అందుకే మీరు స్కూటర్ మీద, నేను జీపులో." నవ్వాపి టేబుల్ మీద పెన్ను సర్దాడు. "గోడలో మిగిలింది కూడా మూడింటికి పడగొట్టేస్తున్నాం. ఫొటోలు తీసేశాం. అది చూస్తుంటే ఇళ్ళాయనకి మనసు పాడైపోతోందట."

"పాపం."

"వెటకారమా?"

"కాదు. కుశల ప్రశ్న."

పన్నెండూ పదికి నమూనా ఇంటికి చేరాను. హాలు గోడకు ఇళ్ళాయన బతుకు ఫ్రేములు కట్టి వేలాడుతోంది. మొదటి ఫొటోలో తల మీద ఇటుకలు. రెండోదాంట్లో చేతిలో తాపీ. మూడోదాంట్లో తాపీ పోయి టేపు వచ్చింది. తర్వాత పెన్ను. తర్వాత మైకు. ఫొటో మారేకొద్దీ చొక్కా తెల్లబడుతూ వచ్చింది. చివరి ఫ్రేములో శాసనసభ మెట్ల మీద చేతులు జోడించి నిలబడ్డాడు. గోళ్ళు చంటిపిల్లాడి గోళ్ళలా ఉన్నాయి. కింద సంవత్సరం వేసి ఉంది. పన్నెండేళ్ళ క్రితం.

హాల్లో నిలబడితేనే వాసన తెలిసింది. ఫినాయిలు పోసి కడిగారు. ఫినాయిలు కింద ఆ వాసన అలాగే ఉంది.

వాచ్‌మన్ నా వెనకే తచ్చాడుతున్నాడు. మాట్లాడాలని ఉంది, భయమూ ఉంది.

"ఆదివారం నువ్వెక్కడున్నావ్?"

"సభలో సార్. తొమ్మిదిన్నరకి లారీలొచ్చాయి. నలభై ఇద్దరు మేస్త్రీలు, నేను. ఎక్కేటప్పుడు పేర్లు పిలిచారు, సభలో కూర్చోబెట్టి పిలిచారు, దిగేటప్పుడు పిలిచారు. పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినట్టు."

"మధ్యలో ఎవడైనా జారుకున్నాడా?"

"జారుకుంటే వారం పని ఉండదన్నారు. ఒంటేలుకి కూడా తోడు పంపారు సార్."

"ఆ రోజు ఇళ్ళాయన పని ఇంకెక్కడైనా నడిచిందా?"

"ఎలా నడుస్తుంది? మనిషంటూ మిగిల్తేగా."

"గేటు తాళం?"

"రెండు తాళంచెవులు. ఒకటి నా మొలతాడుకే ఉంది. రెండోది..." ఆగిపోయాడు. "రెండోది ఓనరు గారి దగ్గర."

"సోమవారం వచ్చి చూస్తే మెట్ల కింద కొత్త గోడ. నీకు అనుమానం రాలేదా?"

"మేస్త్రీలు కట్టారనుకున్నా సార్. మేస్త్రీలేమో, రెండో బ్యాచి కట్టిందనుకున్నారు. ఇక్కడ ఎవడేం కట్టాడో ఎవడికీ తెలీదు. గుండు మేస్త్రి మాత్రం పొద్దున్నే వచ్చి తాపీ ఏదిరా అని నా ప్రాణం తీశాడు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"చెప్పబోయా. నోర్మూసుకోమన్నాడు."

మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు గోడ. చేయి తిరిగినవాడికి రెండు గంటల పని. పై సగం కూలిపోయింది. కింద తొమ్మిది వరసలు మిగిలాయి. గోరుతో గీకితే సిమెంటు మాలు పొడిపొడిగా రాలింది. ఇటుకల్ని తడపకుండానే పేర్చేశాడు. మాలులోని తడంతా ఇటుకలు తాగేశాయి.

పై వరసలో ఒక ఇటుక వేళ్ళతోనే ఊడొచ్చింది.

ప్రతి ఇటుకకూ ఒక ముఖాన గుంట ఉంటుంది. బట్టీ అక్షరాలు అందులోనే ఉంటాయి. గుంట పైకి పెట్టి, దాని నిండా మాలు వేసి, మీద ఇంకో ఇటుక నొక్కాలి. అప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ ఇటుక గుంట కిందికి ఉంది. లోపల మాలు చుక్క లేదు, డొల్ల. రెండోది తీశాను. అదీ బోర్లాయే. మూడోదీ అంతే. ఇటుకకు పిడికెడు మాలు మిగుల్తుంది. బయటికి చూస్తే ఏ తేడా కనపడదు.

"మీ మేస్త్రీలంతా ఇలాగే పెడతారా?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"ఓనరు గారి పద్ధతి సార్ అది. ఆయన తాపీ పట్టిన రోజుల నుంచీ ఉందట. కొత్తగా చేరిన మేస్త్రికి మొదటి రోజే చెబుతారు. గుండు మేస్త్రి ఒక్కడే వినలేదు. అందుకే ఆయనకి పూతపని."

కొలతలాయన భార్యకి ఫోన్ చేసి, ఆయన ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడాడో కనుక్కున్నాను. ఆ బోర్లా ఇటుకలు చూస్తుంటే మా పడగ్గది గోడ గుర్తొచ్చింది. వానాకాలం వస్తే ఆ గోడకు నల్లటి బూజు పట్టేది. దాని పక్కన పడుకుని నా భార్య మూడేళ్ళు దగ్గింది. నాలుగు అర్జీలు రాసింది. రాసే ముందు నన్ను అడిగి, ఒత్తులు సరిచూసుకునేది. ఆమె పోయి రెండేళ్ళయింది. అర్జీలకు జవాబు ఇంకా రాలేదు.

రెండు గంటలకు గేటు బయట హారన్లు మోగాయి. ఇళ్ళాయన దిగాడు. వెనక ఇన్‌స్పెక్టర్ జీపు, దాని అద్దం మీద అదే పోస్టరు. ఆ వెనక విలేఖరులు ముగ్గురు, కెమెరాలు రెండు.

ఎందుకొచ్చారో వాచ్‌మన్ చెప్పాడు. విధి నిర్వహణలో ప్రాణాలు పోగొట్టుకున్న కొలతలాయన జ్ఞాపకార్థం ఇంటి ముందు ఒక దిమ్మె కడతారట. మొదటి ఇటుక ఇళ్ళాయన స్వహస్తాలతో పెడతాడట. తమలపాకంత మెత్తటి చేతిరుమాలుతో కళ్ళు అద్దుకున్నాడు. రుమాలు తడవలేదు. నేను చూశాను.

"సొంత తమ్ముణ్ణి పోగొట్టుకున్నట్టుంది" అన్నాడు కెమెరాతో. "నేను లీడర్ని కాదమ్మా. ఒట్టి తాపీవాణ్ణి. మా పనివాళ్ళలోనే ఇలాంటి రాక్షసుడు పుట్టాడంటే సిగ్గేస్తోంది."

నేను ఇటుకల కుప్ప దగ్గరికి వెళ్ళి ఒకటి ఏరాను. గుంట పైకి ఉండేలా రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"తీసుకోండి సార్."

"ఓహో, డిటెక్టివ్ మాస్టారా! మీరు ఇటుకలందించే పనిలో ఎప్పుడు చేరారు?" అందరూ నవ్వారు.

"పెద్దవాళ్ళ పని దగ్గరుండి చూద్దామని."

ఆయన తాపీతో మాలు పరిచాడు. మణికట్టు ఒక్కసారి తిప్పాడంతే. పన్నెండేళ్ళయినా చేయి మరిచిపోలేదు. ఇటుక అందుకున్నాడు. కళ్ళు కెమెరా వైపే ఉన్నాయి. చేయి మాత్రం ఇటుకను గాల్లోనే గిర్రున తిప్పి బోర్లించింది. తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టింది. గుంట కిందికి పోయింది.

చప్పట్లు.

"ఇటుక బోర్లా పడింది సార్" అన్నాను.

"పడటం కాదు మాస్టారూ, పెట్టాను. ముప్పై ఏళ్ళ అనుభవం."

"మెట్ల కింద గోడలో కూడా ఇలాగే ఉన్నాయి. మూడు తీసి చూశాను. మూడూ బోర్లాయే."

ఇన్‌స్పెక్టర్ అడ్డం వచ్చాడు. "గురువుగారూ, ఇది సందర్భం కాదు."

"ఇదే సందర్భం. గుండు మేస్త్రి ఇలా పెట్టడు. పెట్టనన్నందుకే పదేళ్ళుగా ఆయన్ని గోడ కట్టనివ్వలేదు. ఆ ముక్క ఈ సైటులో ఎవర్ని అడిగినా చెబుతారు. నువ్వు అడగలేదు."

"అలా పెట్టేవాళ్ళు నా దగ్గర నలభై మంది ఉన్నారయ్యా" అన్నాడు ఇళ్ళాయన, ఇంకా నవ్వుతూనే.

"నలభై ఇద్దరు. ఆదివారం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా మీ సభలోనే ఉన్నారు. మూడుసార్లు పేర్లు పిలిచింది మీ మనుషులే. ఆ చిట్టా మీ ఆఫీసులోనే ఉంటుంది. కొలతలాయన పదకొండూ ఐదుకి భార్యకి ఫోన్ చేసి, భోజనానికి వస్తానన్నాడు. తర్వాత ఫోన్ లేదు. మీ సభ పదకొండింటికి. మీరు స్టేజీ ఎక్కింది ఎన్నింటికి?"

"ట్రాఫిక్కు."

"ఒకటీ నలభైకి" అని విలేఖరుల్లో ఒకామె అంది. "ఎండలో చచ్చాం మేము."

"ఎక్కగానే ఏం చేశారు సార్?"

నేను జీపు అద్దం వైపు చూపించాను. కెమెరా నా చేతి వెంట తిరిగింది.

"చేతులు చాపి, 'ఇప్పుడే ఒక పేదవాడి ఇంటికి ఇటుక పెట్టి, నేరుగా మీ దగ్గరికి వస్తున్నాను, చూడండి' అన్నారు. జనం ఈలలు వేశారు. మర్నాటికి పోస్టరేశారు. ఆ రోజు ఈ ఊళ్ళో మీ పని ఒక్కటీ నడవలేదు. మనిషంటూ మిగల్లేదు. మీరు ఇటుక పెట్టిన ఆ ఇల్లు ఎవరిది సార్?"

ఇళ్ళాయన మాలు అంటిన కుడిచెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి దాచుకున్నాడు.

ఇంతకంటే అసహ్యమైనది నా ఉద్యోగంలో చూడలేదు. మనిషిని చంపి గోడ కట్టినవాడు చేతులు కడుక్కోవడానికి టైము చాలక, ఆ మురికినే ఓట్లకు చూపించుకున్నాడు. దాన్ని ఊరంతా అంటించారు. నేనూ వారం రోజులు దాని ముందు నుంచే నడిచాను.

ఇన్‌స్పెక్టర్ పోస్టరు వైపు చూశాడు. కెమెరా వైపు చూశాడు. ఎర్ర దీపం వెలుగుతోంది. గొంతు సవరించుకున్నాడు.

"గోడని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు కానిస్టేబుల్‌తో. "స్టేషన్‌కి ఫోన్ చెయ్. ముసలాయన చేత సంతకం పెట్టించొద్దని చెప్పు."

న్యాయం మీద ప్రేమతో అన్న మాట కాదు. ఎర్ర దీపం ఆరిపోతే అనేవాడు కాదు. అయినా నాకు ఆ మాట చాలు. రెండూ ఇరవై ఐదు. ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది.

ఇళ్ళాయన నా దగ్గరికి వచ్చాడు. కెమెరాకు కనపడేలా నవ్వి నా భుజం మీద చెయ్యి వేశాడు. మాలు తడి చొక్కాలోకి దిగింది. చెవి దగ్గర చాలా మెల్లగా మాట్లాడాడు.

"పద్నాలుగో వరుస కదూ మీది? మీ ఆవిడ చెమ్మ గోడ గురించి నాలుగుసార్లు రాసింది. నాకు తీరికే దొరకలేదు. మీరు ఈ కేసులో దిగారని పొద్దున ఇన్‌స్పెక్టర్ చెప్పాక గుర్తొచ్చింది. మనుషుల్ని పంపాను. లోపల ఎవరో అమ్మాయి ఉందట. తలుపు తీసిందట. మంచి పిల్ల."

జేబులోంచి ఫోన్ తీసి మేస్త్రి కూతురికి చేశాను. ఐదో రింగుకు ఎత్తింది.

"బాబాయ్ గారూ, మీరు పంపిన మేస్త్రీలు వచ్చారు" అంది, దగ్గుతూ. "వానాకాలం రాకముందే పడగ్గది గోడ విప్పమని పిన్ని గారు రాసిన కాగితం కూడా చూపించారు. అందుకే తీశా. నన్ను వెనక గదిలో కూర్చోమన్నారు, దుమ్ము రాకుండా బయట గడి పెట్టారు."

ఆమె మాట వెనక గునపం దెబ్బ వినపడింది. ఇంకొకటి.

"నాన్న సంతకం పెట్టలేదు కదా?"

"పెట్టలేదు. కిటికీలోంచి దూకెయ్, తల్లీ. ఇప్పుడే."

"కిటికీకి ఊచలున్నాయి బాబాయ్ గారూ."

మూడో దెబ్బ పడింది. మా ఇంటి స్లాబు మొత్తం ఆ ఒక్క గోడ మీదే నిలబడి ఉంది.